నోటీసును మామూలు తెలుగులోకి దించడం: జిరాక్స్ షాపు డైరీ

మాది తహసీల్దార్ ఆఫీసు ఎదురు సందులో జిరాక్స్, డీటీపీ షాపు. అర్జీలు టైపు చేయడం, ఆధార్ కాపీలు తీయడం, లామినేషన్ చేయడం రోజూ ఉండే పని. నోటీసు చేత పట్టుకుని "ఇందులో ఏముందో కాస్త చెప్పు బాబూ" అనేవాళ్లు రోజుకు నలుగురైనా వస్తారు. ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఒక పేజీ కాగితం రాసి పెడదామనుకున్నాం. నాతోపాటు ఇద్దరున్నారు: రిటైరైన తెలుగు మాస్టారు, కోర్టు పని లేని రోజుల్లో వచ్చే వకీలు మిత్రుడు. ఇదే పని ఇంకో ఊళ్లో ఎవరైనా మొదలుపెడితే పనికొస్తుందని రాస్తున్నాను. అందుకే ఇందులో తప్పులే ఎక్కువ.

దశ 1: నోటీసును టైపులోకి ఎక్కించడం

మొదటి నోటీసు కాలువ కోసం భూసేకరణది. 2013 భూసేకరణ చట్టం, సెక్షన్ 11. నాలుగు పేజీల్లో ఒకటిన్నర పేజీ మాటలు, మిగతాదంతా సర్వే నంబర్ల పట్టిక.

పనిముట్లు:
1. ఫోన్ కెమెరా. బోర్డుకు అద్దం, అద్దానికి తాళం. ఎండ పడితే ఫొటోలో మన మొహమే కనిపిస్తుంది. పొద్దున 8 లోపు తీయాలి.
2. ఫొటోలోంచి అక్షరాలు లాగడానికి గూగుల్ లెన్స్, టెసరాక్ట్.
3. యూనికోడ్‌లో మండలి ఫాంటు, 14 పాయింట్లు. లైన్ల మధ్య ఖాళీ ఒకటిన్నర ఉండాలి, లేకపోతే పై లైను వత్తులు కింది లైను గుడుల మీద ఎక్కుతాయి.
4. నోటు పుస్తకం, రెండు రంగుల పెన్నులు.

అసలు ఫైలే పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు గానీ అది అను ఫాంటులో ఉంది. అంటే యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంటు. నా సిస్టంలో అను ఉంది కాబట్టి తెరుచుకుంది. వాట్సాప్‌లో పెట్టడానికి కాపీ చేస్తే తెలుగు పోయి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వచ్చాయి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేస్తే సగం వత్తులు ఊడిపోయాయి. ఇరవై ఏళ్లుగా అనులోనే అన్నం తింటున్నవాణ్ని, నాకే చిరాకేసింది. ఫైలు పక్కన పెట్టి ఫొటో దారే పట్టాం.

మాటల్లో తప్పులు కంటికి దొరుకుతాయి. "మ" బదులు "వు" పడితే చదివేటప్పుడే తెలుస్తుంది. పట్టికలో అలా కాదు. నోటీసులో 143-2 పక్కన ఇంగ్లిష్ ఏ అక్షరం ఉంటే యాప్ దాన్ని 4 అనుకుంది. మా కాగితంలో 143-24 పడింది. 143లో అన్ని సబ్‌డివిజన్లు లేవు కాబట్టి అది దొరికిపోయింది. 161-2 పక్కనున్న బీ అక్షరం 8 అయ్యింది. 161-28 మాత్రం నిజంగానే ఉంది. ఆ చేను ఆసామి రాత్రి పదింటికి ఫోన్ చేశాడు. "మా చేను కాలువలో పోతోందంటగదా" అంటుంటే గొంతు వణుకుతోంది. తప్పు మాదేనని ఒప్పుకుని, పొద్దున్నే వాళ్లింటికి వెళ్లి అసలు నోటీసు చూపించి వచ్చాను.

మార్పు: పట్టికను యాప్‌కు ఇవ్వడం మానేశాం. ఒకరు చదవాలి, ఒకరు చేత్తో టైపు చేయాలి, తర్వాత కింద నుంచి పైకి మళ్లీ చదవాలి. 64 నంబర్లకు 50 నిమిషాలు పట్టింది.

ఇంకో తప్పు. స్కాన్ కత్తిరించేటప్పుడు పైనున్న మూడు సింహాల బొమ్మ కాగితం మీద అలాగే ఉండిపోయింది. వకీలు మిత్రుడు చూసి కేకలేశాడు. జాతీయ చిహ్నాన్ని ఎవరుపడితే వాళ్లు వాడకూడదని 2005లో ప్రత్యేకంగా చట్టమే ఉంది. బొమ్మ తీసేసి ఆ చోట పెద్ద అక్షరాల్లో ఇలా వేశాం: "ఇది ప్రభుత్వ నోటీసు కాదు. నోటీసులో ఏముందో చెప్పే కాగితం. అసలు నోటీసు బోర్డు మీద ఉంది." నోటీసు నంబరు, తేదీ దాని కిందే వేశాం.

ఇప్పటిదాకా: నోటీసు 1, పని 6 గంటలు, ఖర్చు సున్నా.

దశ 2: అర్థమైందో లేదో కొలవడం

మొదట "అర్థమైందా?" అని అడిగాం. అందరూ అయిందన్నారు. ఎదురుగా మాస్టారు కూర్చుని ఉంటే కాలేదని ఎవరంటారు? ఆ ప్రశ్న కొట్టేసి ఐదు ప్రశ్నలు పెట్టుకున్నాం.

1. ఈ కాగితం ఎవరి కోసం?
2. వాళ్లు చేయాల్సిన పని ఏమిటి?
3. ఏ తేదీలోపు?
4. ఎక్కడ, ఎవరికి?
5. చేయకపోతే ఏమవుతుంది?

ఇవి కూడా పరీక్షలా అడగకూడదు. "ఇంటికెళ్లి ఇంట్లోవాళ్లకు ఏం చెబుతావ్?" అని అడిగి, చెప్పేదాంట్లో ఐదూ వచ్చాయో లేదో పుస్తకంలో టిక్కు పెట్టుకోవాలి. చదవడం రానివాళ్లకు మాస్టారు చదివి వినిపించారు. ఒకసారి చదివినవాళ్లను మళ్లీ వాడకూడదు, ప్రతి చిత్తుకూ కొత్తవాళ్లు కావాలి. ఇదే అన్నిటికన్నా కష్టం.

అసలు నోటీసు 12 మందికి ఇచ్చాం. 60 జవాబులకు 17 సరిగ్గా వచ్చాయి. తేదీ చెప్పగలిగినవాళ్లు ఇద్దరే. నోటీసులో చివరి తేదీ అనేది లేదు మరి. "ప్రచురించబడిన తేదీ నుండి 60 దినములలోగా" అని ఉంటుంది, ఆ ప్రచురించిన తేదీ ఎక్కడో మూల స్టాంపులో ఉంటుంది. లెక్క మనం వేసుకోవాలి.

ఆ నోటీసు తెలుగులోనే ఉందని గుర్తుపెట్టుకోండి. తెలుగును అధికార భాష చేస్తూ చట్టం 1966లోనే వచ్చింది. తెలుగులో ఉండటం వేరు, తెలియడం వేరు.

ఇప్పటిదాకా: చదివినవాళ్లు 12, సరైన జవాబులు 60లో 17, పని 11 గంటలు, ఖర్చు టీలకు రూ. 120.

దశ 3: కఠిన పదాలు తీసేయడం (పనికిరాలేదు)

ఎవరైనా మొదట చేసేది ఇదే, మేమూ ఇదే చేశాం. సదరు, ఇందుమూలముగా, యావన్మంది, పిదప, లేనియెడల వగైరా 41 మాటలు ఎర్ర పెన్నుతో కొట్టేసి తేలిక మాటలు పెట్టాం. మాస్టారు ఇంకో అడుగు ముందుకేసి సబ్‌డివిజన్‌ను "ఉపవిభాగం" చేశారు, ఆబ్జెక్షన్‌కు "ఎదురుమాట" అన్నారు.

కొత్త 12 మందికి ఇస్తే 60కి 22. అంత కొట్టుడుకూ ఐదు మార్కులే పెరిగాయి.

సర్వే నంబరు, పాసుబుక్కు, అడంగల్, ఆర్డీవో, ఆబ్జెక్షన్ అనే మాటలకు ఎవరూ ఆగలేదు. ఉపవిభాగం దగ్గర ఆగారు. మాస్టారు రెండు రోజులు ముభావంగా ఉన్నారు గానీ, మూడో రోజు వచ్చి ఆయనే ఆ మాటలు కొట్టేశారు.

తేలిక మాటల్లోనే అసలు గండం ఉందని ఇక్కడే తెలిసింది. నోటీసులో ఉన్న వాక్యం దాదాపు ఇలా ఉంటుంది:

"సదరు భూమియందు ఆసక్తి గల ఏ వ్యక్తియైనను ఈ ప్రకటన ప్రచురించబడిన తేదీ నుండి 60 దినములలోగా తన అభ్యంతరములను లిఖితపూర్వకముగా దాఖలు చేసుకొనవచ్చును. గడువు మీరిన పిదప అందిన అభ్యంతరములు పరిగణింపబడవు."

మా మొదటి చిత్తులో "ఆ భూమిపై ఆసక్తి ఉన్నవాళ్లు 60 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పుకోవచ్చు" అని రాశాం. నాకు బాగానే కనిపించింది. మా పిన్ని ఆ భూముల్లోనే రెండెకరాలు కౌలుకు చేస్తుంది. చదివి కాగితం తిరిగిచ్చేసింది.

"ఇది మనకు కాదురా. ఆసక్తి ఉన్నవాళ్లకంట. మనమేమన్నా కొనబోతున్నామా?"

ఆసక్తి అంటే ఆమెకు కొనాలన్న ఇష్టం. చట్టంలో దానర్థం ఆ భూమి మీద ఏదో ఒక హక్కో, పరిహారం అడగడానికి కారణమో ఉన్న మనిషి. సొంతదారుతోపాటు కౌలుహక్కు ఉన్నవాళ్లూ, ఆ భూమి పోతే బతుకుతెరువు దెబ్బతినేవాళ్లూ అందులోకి వస్తారు. పునరావాసం లెక్కకొచ్చేసరికి మూడేళ్లుగా ఆ భూముల మీదే బతుకుతున్న కూలీల, కౌలుదార్ల కుటుంబాలను కూడా బాధిత కుటుంబాలుగానే చెప్పింది 2013 చట్టం. ఒక్క మాటతో వాళ్లంతా కాగితం పక్కన పడేస్తున్నారు. సదరు తెలియకపోతే పక్కవాణ్ని అడుగుతారు. ఆసక్తి తెలుసు కాబట్టి అడగరు.

"వచ్చును" కూడా అలాంటిదే. చెప్పుకోవచ్చు అంటే ఇష్టమైతే చెప్పుకో, లేకపోతే లేదు, పోయేదేం లేదని చదివారు. గడువు దాటితే ఆ అవకాశమే పోతుందని 12 మందిలో ఒక్కరు చెప్పారు.

ఇప్పటిదాకా: చదివినవాళ్లు 24, పని 17 గంటలు, ఖర్చు రూ. 250.

దశ 4: ఎవరు, ఎప్పుడు, లేకపోతే ఏంటి

వాక్యాలు మార్చడం మానేసి కాగితాన్నే తిరగరాశాం.

1. "బడును", "బడదు" ఉన్న ప్రతి చోటా పని చేసేది ఎవరో వెతికి పేరు పెట్టాలి. "పరిగణింపబడవు" అంటే ఎవరు పరిగణించరు? ఫలానా అధికారి.
2. రోజులు రాయొద్దు, తేదీ రాయాలి. జూన్ 13 నుంచి 60 రోజులంటే ఆగస్టు 12. బోర్డు మీద, పేపర్లో వేరువేరు తేదీలుంటే ముందున్న తేదీ నుంచి లెక్కపెట్టాలి. తొందరగా ఇస్తే పోయేదేం లేదు.
3. "వచ్చు" ఉన్న చోట, చేయకపోతే ఏమవుతుందో వెంటనే చెప్పాలి.
4. వాక్యానికి 12 మాటలు దాటకూడదు. సర్వే నంబర్లు వాక్యంలో ఇరికించొద్దు.

పై వాక్యం చివరికి ఇలా తేలింది:

"కింది సర్వే నంబర్లలో మీకు సొంత భూమి ఉందా? కౌలుకు చేస్తున్నారా? ఆ చేలల్లో పని మీదే బతుకుతున్నారా? అయితే ఈ కాగితం మీకే. భూమి తీసుకోవడం మీద మీ ఆబ్జెక్షన్ ఆగస్టు 12 లోపు కాగితం మీద రాసి ఇవ్వాలి. ఆ తర్వాత ఇస్తే అధికారి తీసుకోరు. అసలు ఇవ్వకపోతే మీకు ఆబ్జెక్షన్ లేదనుకుని ముందుకు వెళతారు."

అసలు దానికన్నా ఇది పొడుగు. వకీలు మిత్రుడు గునిశాడు. 12 మందితో చదివిస్తే 60కి 41 వచ్చాయి, ఇక మాట్లాడలేదు.

ఇప్పటిదాకా: చదివినవాళ్లు 36, పని 26 గంటలు, ఖర్చు రూ. 370.

దశ 5: హెక్టార్లు

మిగిలిన 19 తప్పుల్లో ఎక్కువ ఒకే చోట పడ్డాయి. నోటీసు పట్టికలో విస్తీర్ణం హెక్టార్లలో ఉంది. ఒకాయన వరుసలో 0.0850 అని ఉంది. ఆయన "ఎనభై ఐదు సెంట్లు పోతోంది" అని ఇంట్లో చెప్పి, ఇంటిల్లిపాదినీ టెన్షన్ పెట్టాడు. మన దగ్గర ఎకరాలు, సెంట్లు 0.85 అని రాసే అలవాటు ఉంది కాబట్టి ఆ కన్నే ఇక్కడా పనిచేసింది. హెక్టారంటే దాదాపు 2.47 ఎకరాలు. 0.0850 హెక్టార్లంటే 850 చదరపు మీటర్లు, అంటే 21 సెంట్లు.

పట్టికలో హెక్టార్ల పక్కన సెంట్ల గడి కలిపాం. లెక్క: హెక్టార్ల అంకెను 247తో గుణిస్తే సెంట్లు వస్తాయి. హెక్టార్ల అంకె తీసేయొద్దు. అసలు నోటీసుతో పోల్చుకోవడానికి అది ఉండాలి. తర్వాతి 12 మందిలో 60కి 47.

ఇప్పటిదాకా: చదివినవాళ్లు 48, పని 31 గంటలు, ఖర్చు రూ. 490.

దశ 6: 60 రోజులు కావు, 21

ఇది మా పెద్ద తప్పు. రెండో నోటీసు బైపాస్ రోడ్డుది. పేపర్లో పడగానే, మొదటి నోటీసు కాగితాన్నే అచ్చుగా తీసుకుని నంబర్లు, పేర్లు మార్చి రెండు రోజుల్లో 120 కాపీలు పంచేశాం. అచ్చు చేతికొచ్చాక మెదడుకు పని ఉండదు కదా. గడువు 60 రోజులని వేశాం.

ఐదు రోజుల తర్వాత డిగ్రీ చదివే అమ్మాయి ఒకామె నోటీసు, మా కాగితం రెండూ కౌంటర్ మీద పక్కపక్కన పెట్టింది.

"అంకుల్, ఇక్కడ 1956 చట్టం అని ఉంది. మీరు 2013 అని వేశారేంటి?"

జాతీయ రహదారికి భూమి తీసుకునేది 1956 జాతీయ రహదారుల చట్టం కింద. అందులో భూమి తీసుకుంటామని చెప్పే సెక్షన్ 3ఏ నోటిఫికేషన్ వచ్చాక ఆబ్జెక్షన్‌కు సెక్షన్ 3సీ ఇచ్చే గడువు 21 రోజులే. ఆ 21 కూడా గెజిట్ తేదీ నుంచి. గెజిట్ వచ్చిన ఆరు రోజులకు పేపర్లో పడింది. మా అచ్చుకు రెండు, ఆ అమ్మాయి వచ్చేదాకా ఐదు. మిగిలింది 8 రోజులు.

ఆ రోజు చేసినవి, వరసగా:
1. "గడువు 60 రోజులు కాదు" అని సరైన తేదీతో ఎర్ర అక్షరాల చీటీలు, పేజీకి పది, 120.
2. కాగితాలు ఇచ్చిన ఇళ్ల లిస్టు. అదృష్టం కొద్దీ మాస్టారు పేర్లు రాసి ఉంచారు.
3. మైకు ఆటో, అరపూట, రూ. 700.
4. నాలుగు రోజులు తిరిగి 83 కాగితాల మీద చీటీ అంటించాం. మిగతా 37 ఎవరి దగ్గరున్నాయో ఇప్పటికీ తెలియదు.

రోడ్డు ఏ గట్టు మీదుగా పోతుందో పటం ఉంటే ఆబ్జెక్షన్ గట్టిగా రాయొచ్చని సమాచార హక్కు దరఖాస్తు పెడదామనుకున్నాం. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండల స్థాయిలో రూ. 5, ఆపైన రూ. 10. చవకే గానీ జవాబుకు 30 రోజుల గడువు ఉంది. ఆబ్జెక్షన్‌కు 21. లెక్క కుదరదు. నేరుగా ఆఫీసుకు వెళ్లి పటం చూపించమని అడిగాం. రెండో రోజు చూపించారు. అప్పుడే సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 4(4) జతచేసి ఒక అర్జీ ఇచ్చాం. సమాచారాన్ని స్థానిక భాషలో, జనానికి చేరే పద్ధతిలో ఇవ్వాలని అందులో ఉంది. మా కాగితాన్ని బోర్డు పక్క గోడకు అంటించుకోనిచ్చారు. అద్దం లోపల కాదు, బయట. చాలు.

చివరి రోజుకు నాకు తెలిసి 31 ఆబ్జెక్షన్లు వెళ్లాయి. సంతోషించేలోపే వకీలు మిత్రుడు కాపీలు చదివాడు. 31లో 19 "రేటు చాలదు" అనే రాశాయి. 3సీలో చెప్పాల్సింది ఆ భూమిని రోడ్డుకు వాడటం మీద ఆబ్జెక్షన్. రేటు సంగతి తర్వాత, 3జీలో క్లెయిములు పిలిచినప్పుడు చెప్పాలి. తేల్చిన రేటు నచ్చకపోతే ఆర్బిట్రేటర్ (తగువు తేల్చే మధ్యవర్తి) దగ్గరికి వెళ్లే దారి కూడా అందులోనే ఉంది. "ఆబ్జెక్షన్ ఇవ్వండి" అని మేం రాశాం, దేని మీదో రాయలేదు. తప్పు రైతులది కాదు.

మార్పులు:
1. కాగితం మొదటి లైను చట్టం పేరు, సంవత్సరం, సెక్షన్. గడువు దాన్ని బట్టే వేయాలి, పాత కాగితం చూసి కాదు.
2. రెండు గడులు: "ఇప్పుడు చెప్పాల్సింది", "తర్వాత చెప్పాల్సింది". రేటు రెండో గడిలో.
3. ఆబ్జెక్షన్ రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద స్టాంపు, తేదీ వేయించుకోవాలని కింద ఒక లైను.
4. పంచేముందు సంబంధం లేని మనిషి ఒకరు అసలు నోటీసుతో పోల్చి చూడాలి. ఆ పని ఇప్పుడు ఆ అమ్మాయే చేస్తోంది. కాగితానికి రూ. 50 ఇస్తున్నాం.

ఇప్పటిదాకా: నోటీసులు 2, పంచినవి 120, పని 58 గంటలు. కాపీలకు రూ. 96, చీటీలకు రూ. 10, ఆటోకు రూ. 700 కలిపి ఖర్చు రూ. 1,296.

దశ 7: ఆడియో

చదవలేనివాళ్ల కోసం మాస్టారి గొంతుతో వాట్సాప్ ఆడియో చేశాం. మొదటిది 4 నిమిషాలు, ఎవరూ చివరిదాకా వినలేదు. రెండోది 90 సెకన్లు. అందులో సర్వే నంబర్లు చదివితే నీళ్లలో రాతే. ఊళ్లో చేలకు నంబర్లుండవు, చింతచేను, వాగొడ్డు చేను అని పేర్లుంటాయి. "వాగొడ్డు నుంచి పాత చెరువు దాకా రోడ్డుకు తూర్పున చేలున్నవాళ్లు కాగితం తెచ్చుకోండి" అన్నాక షాపుకు వచ్చారు. పేర్లు మాత్రం ఆడియోలో చదవం. ఒకసారి చదివితే అన్నదమ్ముల వాటాలు బయటపడి ఒక ఇంట్లో గొడవైంది.

ఇప్పటిదాకా: ఆడియోలు 2, పని 63 గంటలు.

దశ 8: నడుస్తోంది

బైపాస్‌కు 3డీ డిక్లరేషన్ వచ్చింది. గడువులేం లేవు, ఒక్క పేరానే, తేలికనుకున్నాం. అందులో ఉన్న మాట: భూమి "సమస్త ఋణభారముల నుండి విముక్తమై కేంద్ర ప్రభుత్వమునకు దఖలుపడును." మా చిత్తులో "అన్ని రుణభారాల నుంచి విడిపోయి కేంద్రానిది అవుతుంది" అని రాశాం. 12 మందికి ఇచ్చాం. అందులో ఏడుగురు, ఒకరికొకరు తెలియనివాళ్లు, ఒకటే ప్రశ్న అడిగారు.

"అయితే బ్యాంకు లోను మాఫీ అయినట్టేనా?"

కాదు. భూమి మీదున్న తాకట్టు పోతుంది, అప్పు పోదు. బ్యాంకు పరిహారం డబ్బులోంచి అడగొచ్చు. చిత్తు వెనక్కి తీసుకున్నాం. ఇప్పుడు నాలుగోది రాస్తున్నాం, "లోను అలాగే ఉంటుంది" అన్నది మొదటి లైనుగా పెట్టి.